నార్త్ విల్క్స్‌బరో ట్రాకును వదిలి వెళ్లింది స్పాన్సర్లేనా?

ముందుగా మీ ప్రశ్నను రెండు ముక్కల్లో మళ్లీ చెబుతాను. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉన్న నార్త్ విల్క్స్‌బరో స్పీడ్‌వే 1996లో మూతపడింది. పాత రేసుల పేర్లు చూస్తే బ్యాంకులు, కోళ్ల కంపెనీ కనిపిస్తాయి. గోడల నిండా విన్‌స్టన్ సిగరెట్ల ఎరుపు రంగు. ఇంతమంది స్పాన్సర్లు ఉండి కూడా ట్రాకు ఎలా పోయింది, వాళ్లే చేయి వదిలేశారా, లేక సిగరెట్ కంపెనీ డబ్బే చిన్న ట్రాకులను మింగేసిందా అని మీరు అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ రాష్ట్రంలోనే ఉంటున్నాను. అందులో ఎక్కువ కాలం క్రీడల స్పాన్సర్‌షిప్ ఒప్పందాలు చదవడం, బేరమాడటమే నా ఉద్యోగం. కాబట్టి సూటిగా చెబుతాను. స్పాన్సర్లు చేయి వదల్లేదు. 1996 సెప్టెంబర్ 29న డ్రైవరు జెఫ్ గోర్డన్ గెలిచిన చివరి రేసుకు కూడా టైసన్ హాలీ ఫార్మ్స్ 400 అని స్పాన్సర్ పేరే ఉంది. ట్రాకును వదిలి వెళ్లింది రేసు తేదీ, అంటే ఏటి రేసుల జాబితాలో ఆ ట్రాకుకున్న చోటు. మీ రెండో అనుమానంలో మాత్రం సగం నిజం ఉంది. ఆ సగాన్ని చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను.

కొత్తవారి కోసం కొంచెం నేపథ్యం. స్టాక్ కార్ రేసింగ్ అంటే దుకాణంలో అమ్మే మామూలు కార్లను పోలిన బండ్లతో జరిగే పందెం. ఒక మైలు కన్నా తక్కువ చుట్టుకొలత ఉన్నది షార్ట్ ట్రాక్. నార్త్ విల్క్స్‌బరో చుట్టు 0.625 మైలు, అంటే దాదాపు ఒక కిలోమీటరు. 1947లో ఇనాక్ స్టేలీ, ఆయన భాగస్వాములు కలిసి దీన్ని కట్టారు. ముందు వైపు దారి పల్లానికి దిగుతుంది, వెనుక వైపు మిట్ట ఎక్కుతుంది. నేల చదును చేయడానికి డబ్బు చాలక అలాగే వదిలేశారని ఇక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. 1949లో, ఈ పందేలను నిర్వహించే సంస్థ నాస్కార్ తన మొదటి స్టాక్ కార్ సిరీస్‌ను నడిపినప్పుడు ఆ ఏటి ఎనిమిది రేసుల్లో చివరిది ఇక్కడే జరిగింది. బాబ్ ఫ్లాక్ గెలిచాడు.

ఈ విల్క్స్ కౌంటీ నాటుసారాకు పేరుపడిన ప్రాంతం. రాత్రిపూట కొండదారుల్లో సారా తరలిస్తూ, పోలీసులకు దొరక్కుండా కార్లు తోలడం నేర్చుకున్నవారిలో జూనియర్ జాన్సన్ ఒకడు. 1956లో తండ్రి సారా బట్టీ దగ్గర పట్టుబడి ఒహాయోలోని ఫెడరల్ జైలులో 11 నెలలు ఉన్నాడు. తర్వాత డ్రైవరుగా 50 రేసులు గెలిచాడు, ఆ పైన జట్టు యజమానిగా ఆరు చాంపియన్‌షిప్‌లు. 1986లో అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష పెట్టాడు. మన కథకు ఈయన ముఖ్యం. స్పాన్సర్‌షిప్ అనే వ్యవహారం ఈ క్రీడలో ఎలా పెరిగిందో ఈ ఒక్క మనిషి జీవితంలో చూడవచ్చు.

1963లో జూనియర్ నడిపిన తెల్ల షెవర్లే మీద హాలీ ఫార్మ్స్ అనే పేరు ఉండేది. అది పక్క ఊరు విల్క్స్‌బరోకు చెందిన కోళ్ల కంపెనీ. ఊరి కుర్రవాడు పరుగు తీస్తున్నాడు, ఊరి వ్యాపారి అండగా నిలబడ్డాడు, అంతే. అప్పట్లో స్పాన్సర్‌షిప్ అంటే ఇదే. 1981, 1982లలో డారెల్ వాల్‌ట్రిప్ ఈయన జట్టుకు వరుసగా చాంపియన్‌షిప్‌లు తెచ్చిన కారు మీద మౌంటెన్ డ్యూ పేరు ఉంది. శీతల పానీయం కాకముందు ఈ కొండల్లో ఆ మాటకు అర్థం నాటుసారా అని తెలిస్తే, ఆ కారు ఫొటో మరోసారి చూడాలనిపిస్తుంది.

ఇక అసలు మలుపు. 1970 చివర్లో ఫోర్డ్ రేసింగ్ నుంచి తప్పుకుంది. జట్లకు కార్ల కంపెనీల డబ్బు ఎండిపోయింది. తన కారుకు స్పాన్సర్‌షిప్ అడగడానికి జూనియర్ పొరుగున ఉన్న విన్‌స్టన్-సేలం నగరానికి వెళ్లి ఆర్.జె. రేనాల్డ్స్ సిగరెట్ కంపెనీ తలుపు తట్టాడు. సరిగ్గా అప్పుడే, 1971 జనవరి 2 నుంచి అమెరికాలో టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలను చట్టం నిషేధించింది. ప్రకటనల కోసం పెట్టుకున్న కోట్ల డాలర్లు ఆ కంపెనీ చేతిలో మిగిలిపోయాయి. ఒక కారుకు సరిపోయే డబ్బు అడగడానికి వెళ్లిన జూనియర్ ఆ పరిస్థితి చూసి, మీరు మాట్లాడవలసింది నాతో కాదు, నాస్కార్‌తో అని దారి చూపించాడు. ఆ సంవత్సరమే ఆ కంపెనీ సిగరెట్ విన్‌స్టన్ పేరు సిరీస్ మొత్తానికి ఎక్కింది, 2003 వరకు దిగలేదు. టీవీలో ప్రకటన వేయకూడదు సరే, టీవీలో చూపించే ట్రాకు గోడకు ఎరుపు తెలుపు రంగులు వేయకూడదని ఎవరూ అనలేదు. సిగరెట్ డబ్బు మీద నాకు ఏ మమకారమూ లేదు. కానీ ఈ క్రీడ పల్లె పందెం నుంచి దేశవ్యాప్త వ్యాపారంగా మారింది ఆ డబ్బుతోనే. ఆ మాట దాచి చరిత్ర చెప్పలేము.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మూడు జేబులను వేరు చేయాలి. సిరీస్ స్పాన్సర్ డబ్బు నిర్వహణ సంస్థ జేబులోకి, అక్కడి నుంచి పాయింట్ల నిధిలోకి, అంటే ఏడాది చివర పాయింట్లను బట్టి పంచే బహుమతి సొమ్ములోకి పోతుంది. కారు స్పాన్సర్ డబ్బు జట్టుకు పోతుంది. రేసు పేరు కోసం ఇచ్చే డబ్బు మాత్రమే ట్రాకు యజమానికి వస్తుంది. ఈ మూడింటినీ కలిపి చూడటం వల్లనే, ఇంతమంది స్పాన్సర్లు ఉండి కూడా ఎలా మూతపడింది అనే ఆశ్చర్యం కలుగుతుంది. కార్ల మీద కనిపించే బీరు కంపెనీ, బ్యాటరీ కంపెనీ, డిటర్జెంట్ కంపెనీల డబ్బులో ట్రాకుకు పైసా రాదు.

మీ అనుమానంలోని సగం నిజం ఇదిగో. 1971లో ఈ సిరీస్‌లో 48 రేసులు జరిగాయి. విన్‌స్టన్ డబ్బు వచ్చాక 1972లో వాటిని 31కి కుదించారు. ప్రతి రేసూ కనీసం 250 మైళ్లు ఉండాలన్న నియమం వచ్చింది. పెద్ద స్పాన్సర్‌కు పెద్ద వేదికలు, పెద్ద రేసులు కావాలి కదా. ఆ దెబ్బకు ఎన్నో చిన్న ట్రాకులు ఒక్కసారిగా జాబితాలోంచి పోయాయి. హికరీ పోయింది. విన్‌స్టన్-సేలంలోనే ఉన్న బౌమన్ గ్రే స్టేడియం పోయింది. బౌమన్ గ్రే ఎవరు? అదే ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీకి ఒకప్పటి అధ్యక్షుడు. పావు మైలు చుట్టుకొలత ఉన్న ట్రాకులో 250 మైళ్లంటే వెయ్యి ల్యాపులు, అంటే వెయ్యి చుట్లు, అయ్యే పని కాదు. కంపెనీ డబ్బుతో మొదలైన మార్పు ఆ కంపెనీ పెద్ద పేరు పెట్టుకున్న మైదానం నుంచే రేసును తీసుకెళ్లిపోయింది.

మరి నార్త్ విల్క్స్‌బరో ఎలా మిగిలింది? లెక్క వేసి చూడండి. అక్కడి రేసు 400 ల్యాపులు. నాలుగు వందలను 0.625తో గుణిస్తే సరిగ్గా 250 మైళ్లు. అంచు మీద నిలబడి బతికిపోయిన ట్రాకు అది. రేసు పేర్ల చివర కనిపించే ఆ 400 మైళ్లు కాదు, ల్యాపులు. చాలామంది ఇక్కడ పొరబడతారు.

అలా బతికిపోవడమే తర్వాత ప్రాణం మీదికి తెచ్చింది. 48 రేసులు ఉన్నప్పుడు ఒక తేదీకి పెద్ద విలువ లేదు, ఇది కాకపోతే ఇంకొకటి దొరుకుతుంది. 31కి తగ్గి, టీవీ వచ్చి, జనం పెరిగాక ప్రతి తేదీ బంగారమైంది. నార్త్ విల్క్స్‌బరోకు ఏటా రెండు తేదీలు ఉండేవి, వసంతంలో ఒకటి, శరదృతువులో ఒకటి. ప్రైవేటు బస్సుల కాలంలో మన జిల్లాల్లో బస్సు ఎంత పాతదైనా రూటు పర్మిట్ కోసం దాన్ని కొనేవాళ్లు గుర్తున్నారా? ఇక్కడ జరిగింది అచ్చం అదే.

పేర్ల గురించి అడిగారు కాబట్టి అది కూడా చెబుతాను, నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఊరి గుడి మెట్ల మీద చెక్కిన దాతల పేర్లు వరుసగా చదివితే ఆ ఊరి కలిమిలేములు తెలిసినట్టే, ఈ రేసుల పేర్లు చదివితే విల్క్స్ కౌంటీ చరిత్ర తెలుస్తుంది. మొదట్లో వసంత రేసు పేరు గ్విన్ స్టేలీ 400. ట్రాకు యజమాని సోదరుడు గ్విన్ 1958లో రిచ్‌మండ్‌లో రేసులోనే చనిపోయాడు, ఆయన జ్ఞాపకం ఆ పేరు. శరత్కాలపు రేసుకు కౌంటీ పేరు, విల్క్స్ 400. కొన్నాళ్లకు వసంత రేసు నార్త్‌వెస్టర్న్ బ్యాంక్ 400 అయింది, ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం నార్త్ విల్క్స్‌బరోలోనే ఉండేది. 1980ల మధ్యలో షార్లెట్ నగరానికి చెందిన ఫస్ట్ యూనియన్ దాన్ని కలిపేసుకుంది. రేసు పేరు ఫస్ట్ యూనియన్ 400గా మారింది. శరత్కాలపు రేసు హాలీ ఫార్మ్స్ 400. 1989లో ఆ కోళ్ల కంపెనీని ఆర్కాన్సాకు చెందిన టైసన్ కొన్నది. రేసు పేరు ముందు టైసన్ వచ్చి చేరింది. ఊరి బ్యాంకు పైఊరి చేతికి పోయింది, ఊరి కోళ్ల కంపెనీ పైరాష్ట్రం చేతికి పోయింది, చివరికి ట్రాకు. పేర్లు చదువుతూ పోతే ఆ క్రమం కళ్లకు కడుతుంది.

పోకుండా నిలబడింది లోస్. అవును, మీరు ఇంటి సామాన్లకు వెళ్లే ఆ లోస్ దుకాణమే. 1921లో నార్త్ విల్క్స్‌బరోలో చిన్న హార్డ్‌వేర్ కొట్టుగా పుట్టింది. 1995లో, జట్టు యజమానిగా జూనియర్ జాన్సన్ చివరి ఏట, బ్రెట్ బోడిన్ నడిపిన ఆయన 11 నంబరు కారు మీద లోస్ పేరే ఉంది. నాలుగేళ్ల తర్వాత, 1999లో, లోస్ ఒక ట్రాకుకే తన పేరు పెట్టుకునే హక్కు కొన్నది. ఏ ట్రాకు? షార్లెట్. పుట్టిన ఊరి ట్రాకు అప్పటికి మూడేళ్లుగా తాళం వేసి ఉంది. దీన్ని నేను తప్పుగా చూడను. ఒప్పందాలు రాసే మనిషిగా ఆ స్థానంలో ఉంటే నేనూ అదే సలహా ఇచ్చేవాణ్ణి, రేసులు లేని గోడ మీద పేరు ఎవరు చూస్తారు? అయినా ఆ రెండు సంవత్సరాల సంఖ్యలు పక్కపక్కన పెట్టుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇక అమ్మకం. ఇనాక్ స్టేలీ 1995 మేలో కన్నుమూశారు. ఆయన టికెట్ ధర పెంచడానికి, అద్దాల గదులు కట్టడానికి ఇష్టపడని మనిషి. ఇది అభిమానులకు వరం. కానీ పేరు కోసం డబ్బు ఇచ్చే కంపెనీకి తన ఖాతాదారులను కూర్చోబెట్టి విందు ఇచ్చే చోటు కావాలి. ఆ విషయంలో ఈ ట్రాకు కొత్త వాటితో పోటీ పడలేకపోయింది. ట్రాకులో సగం వాటా కూంబ్స్ కుటుంబానిది. షార్లెట్ ట్రాకు యజమాని బ్రూటన్ స్మిత్ ఆ సగాన్ని కొన్నాడు. మిగతా సగాన్ని స్టేలీ కుటుంబం అతనికి అమ్మడానికి ఇష్టపడక న్యూ హాంప్‌షైర్ ట్రాకు యజమాని బాబ్ బారీకి అమ్మింది. అప్పట్లో వార్తల్లో వచ్చిన ధరలు మొదటి సగానికి 60 లక్షల డాలర్లు, రెండో సగానికి 80 లక్షలు. చెరొక తేదీ తీసుకున్నారు. వసంతపు తేదీ టెక్సస్‌లో స్మిత్ కట్టిన లక్షన్నర సీట్ల కొత్త ట్రాకుకు, శరత్కాలపు తేదీ న్యూ హాంప్‌షైర్‌కు.

తేదీ వెళ్లిన చోట పేర్లు ఎలా మారాయో చూడండి. 1997 ఏప్రిల్‌లో టెక్సస్‌లో జరిగిన మొదటి రేసు ఇంటర్‌స్టేట్ బ్యాటరీస్ 500. ఆ కంపెనీది డల్లాస్. డల్లాస్ చుట్టుపక్కల ఉన్న వేలాది తెలుగు కుటుంబాల్లో చాలామంది ఫోర్ట్ వర్త్ వైపు వెళ్తూ ఆ ట్రాకు పక్కనుంచే పోయి ఉంటారు. దాని మొదటి తేదీ మా కొండల్లోంచి వెళ్లిందని వారికి తెలియకపోవచ్చు. అదే ఏడాది సెప్టెంబర్‌లో న్యూ హాంప్‌షైర్‌లో జరిగింది సీఎంటీ 300, ఒక టీవీ చానల్ పేరు. 2018లో ఆ తేదీ మళ్లీ కదిలి లాస్ వేగస్ వెళ్లింది, రేసు పేరు సౌత్ పాయింట్ 400. అది అక్కడి కాసినో. కోళ్ల కంపెనీ నుంచి టీవీ చానల్, అక్కడి నుంచి కాసినో. తేదీ ఏ ఊరు వెళ్తే ఆ ఊరి డబ్బు వచ్చి దాని పక్కన నిలబడింది. అందుకే స్పాన్సర్లు వెళ్లిపోయారనడం సరికాదని అంటున్నాను. హాలీ ఫార్మ్స్‌కు తన ఊళ్లో నిలబడటానికి ఒక రేసు కావాలి, ఆ రేసే లేకుండా పోయింది.

ఆ తేదీల విలువ ఎంత అన్నది మరో అమ్మకం చెబుతుంది. 2007 చివర్లో బారీ తన న్యూ హాంప్‌షైర్ ట్రాకును స్మిత్‌కే అమ్మాడు. ధర 34 కోట్ల డాలర్లు. ఆ ట్రాకుకున్న రెండు తేదీల్లో ఒకటి 80 లక్షలకు నార్త్ విల్క్స్‌బరో నుంచి తెచ్చుకున్నది.

నేను ఆ ట్రాకును మొదటిసారి చూసింది 2004లో, బూన్ కొండలకు వెళ్తూ 421 రహదారి మీద నుంచి. సీట్ల మధ్య చెట్లు మొలిచాయి. గోడల మీది ఎరుపు వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. కారు పక్కకు ఆపి కంచె దగ్గర చాలాసేపు నిలబడ్డాను. 2010లో ఒక కంపెనీ లీజుకు తీసుకుని చిన్న సిరీస్‌ల రేసులు జరిపింది, 2011కల్లా మళ్లీ తాళం పడింది. నా ఉద్దేశంలో అది అలా ముగియక తప్పదు. అగ్రశ్రేణి తేదీ లేని ట్రాకుకు వచ్చేది ఊరి టైర్ల షాపు, హోటలు ఇచ్చే బోర్డు డబ్బే. వారం వారం నడిచే పావు మైలు ట్రాకుకు అది చాలు. వేల సీట్లు, పాత తారు, పాత నీటి పైపులు ఉన్న చోటికి ఏ మూలకూ రాదు.

తిరిగి లేచిన తీరు మీరు అడగలేదు కానీ చెప్పకపోతే మీరు వాడిన 'మూతపడిన ట్రాకు' అనే మాట పాతదైపోతుంది. 2019 డిసెంబర్‌లో పేరున్న డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ కొంతమందిని వెంటబెట్టుకుని వెళ్లి, కంప్యూటర్ రేసింగ్ ఆటలో ఆ ట్రాకును భద్రపరచడానికి గడ్డి పీకించాడు. అదే నెలలో జూనియర్ జాన్సన్ మరణించాడు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం కోవిడ్ సహాయ నిధుల నుంచి 1.8 కోట్ల డాలర్లు కేటాయించింది. 2022 ఆగస్టులో మళ్లీ రేసులు జరిగాయి. ఎర్న్‌హార్ట్ జూనియర్ తన యువ దినాల నాటి సన్ డ్రాప్ అనే శీతల పానీయం రంగులు వేసిన 3 నంబరు కారుతో వచ్చి మూడో స్థానంలో నిలిచాడు. బ్రూటన్ స్మిత్ అంతకు రెండు నెలల ముందే పోయాడు. ట్రాకును తెరిచింది ఆయన కొడుకు మార్కస్.

2023 మేలో నాస్కార్ ఆల్-స్టార్ రేసు, అంటే చాంపియన్‌షిప్ పాయింట్లు లేని ప్రత్యేక పందెం, అక్కడికి వచ్చింది. నేను వెళ్లాను. 1981లో వేసిన తారు మీదే కార్లు పరిగెత్తాయి, కైల్ లార్సన్ గెలిచాడు. ఆ రేసు పుట్టుక కూడా తెలుసుకోవాలి. 1985లో ఆర్.జె. రేనాల్డ్స్ తన బ్రాండు కోసం మొదలుపెట్టిన పందెం అది, మొదటి పేరే ది విన్‌స్టన్. తొలిసారి గెలిచింది జూనియర్ జాన్సన్ జట్టు కారు, నడిపింది వాల్‌ట్రిప్. అంతకు ముందు రెండేళ్లు, 2021లోనూ 2022లోనూ, ఆల్-స్టార్ జరిగింది టెక్సస్‌లో. అంటే 1996 తర్వాత నార్త్ విల్క్స్‌బరో తేదీని పట్టుకుపోయిన ట్రాకు నుంచే 2023లో ఈ రేసు ఇటు వచ్చింది. నా పక్క సీటులోని పెద్దాయన ఏ వివరమూ చెప్పకుండా కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నేనూ అడగలేదు.

మీరు ఈ ట్రాకు మీద వ్యాసం రాస్తున్నానన్నారు కాబట్టి ఒక సూచన. 'విన్‌స్టన్ నార్త్ విల్క్స్‌బరోను చంపింది' అని రాయకండి. ఆ డబ్బు 1972లో ఈ ట్రాకును జాబితాలోనే ఉంచింది, ఆ జాబితాను కుదించడం వల్ల తేదీకి ధర పెరిగింది, ఆ ధర 1995లో ఇద్దరు కొనుగోలుదారులను రప్పించింది. మధ్యలో ఇరవై మూడేళ్లు, ఒక యజమాని మరణం, రెండు కుటుంబాల నిర్ణయాలు ఉన్నాయి. వాటిని దాటేసి ఒక్క వాక్యంలో తీర్పు చెబితే ఆ మనుషులకు అన్యాయం చేసినట్టే. రేసుల పేర్ల జాబితా వేస్తే కొత్త పేరునూ చేర్చండి. 2026 షెడ్యూలులో ముప్ఫై ఏళ్ల తర్వాత చాంపియన్‌షిప్ పాయింట్ల రేసు ఇక్కడికి తిరిగి వచ్చింది. పేరు విండో వరల్డ్ 450. కిటికీలు అమర్చే ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం నార్త్ విల్క్స్‌బరోలోనే ఉంది.